లాన్‌లో గుండ్రటి మచ్చలు: మందు మార్చేముందు మచ్చ అంచు చూడండి

లాన్ మొత్తం పీకేయొద్దు. మీరు అడిగిన అసలు ప్రశ్నకు నా జవాబు ఇదే, మిగతాదంతా ఎందుకో చెప్పడానికి రాస్తున్నాను.

ఇది చదివే మిగతావాళ్ల కోసం విషయం క్లుప్తంగా చెబుతాను. విశాఖపట్నం ఎండాడలో ప్రశ్న అడిగినవారి ఇంటి ముందు సుమారు 600 చదరపు అడుగుల మెక్సికన్ గ్రాస్, కడియం నుంచి తెప్పించి పరిచి రెండేళ్లయింది. సెప్టెంబరులో పచ్చగా రావాలని 2 కిలోల యూరియా చల్లారు. అక్టోబరు వానలు తగ్గాక జానెడు వెడల్పు మచ్చలు కనపడ్డాయి, ఇప్పుడు కొన్ని మూడడుగులు దాటాయి. షాపులో ఇచ్చిన కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని (బూజు తెగుళ్ల మందు) మూడుసార్లు కొట్టారు, ఆగలేదు. వాచ్‌మన్ రోజూ సాయంత్రం ఆరింటికి పైపుతో తడుపుతాడు. పక్కన గులాబీలకు నల్లమచ్చలు, మామిడి ఆకుల మీద మసి, మందారం ఆకులు పసుపు. మాలి ఏమో మట్టి చెడిపోయింది, అంతా తీసేసి కొత్త గడ్డి పరుద్దాం అంటున్నాడు.

మీరు పెట్టిన ఫొటోల్లో మచ్చ మధ్యభాగం తీసినవి నాకు పెద్దగా ఉపయోగపడలేదు, అక్కడ ఉన్నది చచ్చిన గడ్డి, అది ఎందుకు చచ్చినా అలాగే ఉంటుంది. అంచు కనపడే ఫొటో ఒక్కటుంది చూడండి, అందులో గోధుమ రంగుకీ పచ్చరంగుకీ మధ్య సన్నగా నారింజ రంగు పట్టీ ఉంది. తెగులు ప్రస్తుతం తింటున్న చోటు అదే. జోయిసియా గడ్డిలో (మన నర్సరీల్లో మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ అని అమ్మేది చాలావరకు ఇదే) వానలు పడి వాతావరణం కాస్త చల్లబడే రోజుల్లో ఇలా నారింజ అంచుతో గుండ్రంగా పెరిగే మచ్చ వస్తే మొదట అనుమానించాల్సింది రైజోక్టోనియా అనే శిలీంధ్రాన్ని. అది తెచ్చే ఈ తెగులును లార్జ్ ప్యాచ్ అంటారు. ఉష్ణోగ్రత దాదాపు 15 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండి, గడ్డి మొదళ్లు తడిగా ఉంటే దీనికి పండగే. వైజాగ్‌లో అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా రాత్రులు సరిగ్గా ఇలాగే ఉంటాయి.

ఊళ్లో వరి సాగు ఉన్నవాళ్లకు ఈ శిలీంధ్రం కొత్తేమీ కాదు. వరిలో పాము పొడ తెగులు తెచ్చేది కూడా రైజోక్టోనియా సొలానియే, కాకపోతే అందులో వేరే గ్రూపు. పొలంలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి: పైరు దట్టంగా ఉన్నచోట, నత్రజని ఎక్కువ పడ్డచోట, నీళ్లకు దగ్గరగా కాండం మొదట్లో మచ్చలు మొదలవుతాయి, ఆకు పైన కాదు. మీ లాన్‌లోనూ అంతే. ఈ శిలీంధ్రం గాల్లో ఎగిరే సిద్ధబీజాలతో వ్యాపించదు, దారం లాంటి పోగులతో ఒక మొక్క నుంచి పక్క మొక్కకు పాకుతుంది, అందుకే మచ్చ గుండ్రంగా అన్నివైపులా సమానంగా పెరుగుతుంది. అనుకూలం కాని కాలంలో చిన్న గట్టి గింజల్లాంటి రూపంలో మట్టిలోనూ ఎండు కాడల్లోనూ పడుకుంటుంది. మళ్లీ వచ్చే ఏడాది చాలాసార్లు అదే చోట లేస్తుంది. గడ్డి పీకేసి కొత్తది పరిస్తే లాభం లేదనడానికి కారణం ఇదే. శిలీంధ్రం మట్టిలోనే ఉంటుంది, సాయంత్రం తడపడం అలాగే ఉంటుంది, మీ డబ్బు మాత్రం పోతుంది.

అయినా ఫొటో చూసి నేను చెప్పింది మీరు నమ్మేయకండి, రేపు పొద్దున్నే మీరే చూసుకోవచ్చు. ఎండ ఎక్కకముందు, మంచు తడి ఇంకా ఉండగానే వెళ్లండి. మచ్చ అంచున పసుపు తిరుగుతున్న ఒక పిలకను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. ఆకు తేలిగ్గా ఊడి వచ్చి, మొదట్లో తొడుగు భాగం గోధుమ రంగులో కుళ్లినట్టుంటే, కింద వేర్లు మాత్రం తెల్లగా బాగుంటే, ఇది లార్జ్ ప్యాచే. తేలకపోతే అంచు నుంచి కొన్ని పిలకలు మొదళ్లతో సహా తీసి, తడిపిన టిష్యూ కాగితంతో పాటు ప్లాస్టిక్ డబ్బాలో మూసి, ఇంట్లో నీడన ఒక రాత్రి ఉంచండి. మర్నాడు మొదళ్ల దగ్గర సాలెగూడు లాంటి లేత గోధుమ రంగు పోగులు కనపడితే ఇంక అనుమానం అక్కర్లేదు.

కార్బెండజిమ్ ఎందుకు పని చేయలేదంటే, ఆ మందు రైజోక్టోనియా మీద అసలు పని చేయదని కాదు. మీరు 600 చదరపు అడుగులకు మూడు లీటర్ల మందునీళ్లే కొట్టానన్నారు, అంటే ఆకుల కొనలు తడిశాయి, తెగులు ఉన్న మొదలు దాకా మందు చేరలేదు. ఇంత విస్తీర్ణానికి కనీసం 6 నుంచి 8 లీటర్లు పట్టాలి. రెండోది, మందు కొట్టిన సాయంత్రమే మళ్లీ నీళ్లు పెట్టారు. ఇది మీ ఒక్కరి సంగతి కాదండి, ఈ ఊళ్లో ఏ తెగులు అని అడగకుండానే కార్బెండజిమ్ చేతిలో పెట్టేస్తారు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. ఎందుకంటే పిథియం తెచ్చే కుళ్ళు తెగులుకు అది సున్నా, పిథియం అసలు శిలీంధ్రమే కాదు, నీటి బూజుల జాతి. బైపోలారిస్ అనే మరో శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చల మీద కూడా అది పని చేయదు, పైగా పోటీగా ఉండే మిగతా శిలీంధ్రాలు చనిపోయి ఆ మచ్చలే పెరిగే ప్రమాదం ఉంది. ఒకే మందు పదేపదే కొడుతుంటే తట్టుకునే రకాలే మిగులుతాయి కూడా.

ఇప్పుడు యూరియా లెక్క. 600 చదరపు అడుగులంటే దాదాపు 56 చదరపు మీటర్లు. 2 కిలోలు చల్లితే చదరపు మీటరుకు సుమారు 36 గ్రాముల యూరియా, అందులో నత్రజని 46 శాతం కాబట్టి 16 గ్రాములకు పైనే. లాన్‌కి ఒక విడతలో చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని దాటకూడదు, అంటే యూరియా సుమారు 11 గ్రాములు. మీరు మూడింతలకు పైగా ఇచ్చారు, అదీ వానాకాలం చివర్లో. పచ్చదనం వచ్చే ఉంటుంది, కానీ ఆ వచ్చిన ఆకు మెత్తగా, నీరుగా ఉంటుంది, శిలీంధ్రానికి అలాంటిదే కావాలి. జోయిసియా అసలు ఎక్కువ ఎరువు అడిగే గడ్డి కాదు. మార్చి నుంచి ఆగస్టు లోపల రెండు మూడు చిన్న విడతలు, సెప్టెంబరు తర్వాత నత్రజని వద్దు, ఇస్తే పొటాష్ కొద్దిగా ఇవ్వండి.

నీళ్ల విషయం ఇంతకంటే ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి. శిలీంధ్రాలకు కావాల్సింది ఎన్ని నీళ్లు పోశాం అన్నది కాదు, ఆకు ఎన్ని గంటలు ఆరకుండా తడిగా ఉంది అన్నది. సముద్రం పక్కన ఊరు కాబట్టి మనకు రాత్రి గాల్లో తేమ ఎలాగూ ఎక్కువ, ఎండాడ, మధురవాడ వైపు కొండల మధ్య గాలి ఆడని స్థలాల్లో మంచు తెల్లవారాక కూడా చాలాసేపు ఆరదు. సాయంత్రం ఆరింటికి పైపుతో తడిపితే ఆ తడి రాత్రంతా ఉండి, తెల్లవారుజామున మంచు తడితో కలుస్తుంది, అంటే పద్నాలుగు గంటలకు పైగా గడ్డి ఆరనే ఆరదు. అదే నీళ్లు ఉదయం ఐదు, ఆరు మధ్య పెడితే ఎలాగూ తడిగా ఉన్న ఆకునే తడుపుతున్నారు, తొమ్మిదికల్లా ఎండకు ఆరిపోతుంది. రోజూ పైపైన చల్లడం మానేసి వారానికి రెండుసార్లు వేళ్ల దాకా దిగేలా పెట్టండి. వాన లేని వారంలో మొత్తం కలిపి సుమారు 25 మిల్లీమీటర్లు చాలు. కొలవడం కష్టమేం కాదు, లాన్‌లో నిటారు అంచు ఉన్న డబ్బాలు రెండు మూడు పెట్టి ఎంత నిండాయో స్కేలుతో చూడండి. వాచ్‌మన్‌కి పొద్దున్నే కుదరదంటే చవకలో దొరికే టైమర్ ఒకటి కుళాయికి పెట్టించండి, మందుల ఖర్చుతో పోలిస్తే అది ఏమీ కాదు.

ఇక ఇప్పుడు ఏం చేయాలి. ఈ రోజు నుంచి సాయంత్రం నీళ్లు బంద్. యూరియా బంద్. మచ్చల మీద గడ్డి కోయాల్సి వస్తే ఆరిన తర్వాతే, బాగున్న భాగం ముందు కోసి మచ్చలున్న భాగం చివర కోయండి, తెగులు పట్టిన భాగంలో వచ్చిన కోత గడ్డిని బయట పారేయండి, మెషిన్ కడగండి. మందు కొట్టాలనుకుంటే ప్రొపికొనజోల్ 25 ఈసీ లీటరుకు 1 మి.లీ., లేదా అజాక్సీస్ట్రోబిన్ 23 ఎస్‌సీ లీటరుకు 1 మి.లీ. మొదటిసారి ఒకటి, మూడు వారాల తర్వాత రెండోది. ఒకే మందు రెండుసార్లు వద్దు. మచ్చల మీద మాత్రమే కాకుండా చుట్టూ రెండడుగుల పచ్చగడ్డి మీద కూడా బాగా పడాలి, ఎందుకంటే శిలీంధ్రం ఉన్నది అక్కడే. ఈ మందుల డబ్బాల మీద ఎక్కువగా పంటల పేర్లే ఉంటాయి కాబట్టి ముందు ఒక మూల చదరపు మీటరు మీద కొట్టి నాలుగైదు రోజులు చూసి అప్పుడు మొత్తం కొట్టండి. మోతాదు పెంచితే తొందరగా తగ్గుతుందనుకోవద్దు, ప్రొపికొనజోల్ లాంటివి ఎక్కువైతే గడ్డి ఎదుగుదల ఆగిపోతుంది. చేతులకు గ్లోవ్స్, కాళ్లకు బూట్లు, ముఖానికి మాస్క్ లేకుండా చెప్పులతో వెళ్లి కొట్టకండి, వాచ్‌మన్‌తో కొట్టిస్తే అతనికీ అవన్నీ ఇవ్వండి. పూర్తిగా ఆరే దాకా పిల్లల్నీ కుక్కనీ లాన్‌లోకి వదలొద్దు.

ఒకటి ముందే చెబుతున్నాను, మందు కొట్టినా మచ్చ వెంటనే పచ్చబడదు. మందు చేసేది అంచు పాకకుండా ఆపడమే. పని చేసిందా లేదా తెలియాలంటే అంచున నాలుగు చోట్ల చిన్న పుల్లలు గుచ్చండి, రెండు వారాల తర్వాత గోధుమ రంగు ఆ పుల్లలు దాటిందా చూడండి. దాటలేదంటే ఆగినట్టే. జోయిసియా నిదానంగా పాకే గడ్డి, ఫిబ్రవరి చివర ఎండలు ముదిరాక పక్కల నుంచి కాడలు వచ్చి మూసుకుంటుంది. పెద్ద మచ్చల్లో తొందర కావాలంటే మార్చిలో మీ లాన్‌లోనే బాగున్న మూల నుంచి అరచేతంత ముక్కలు తీసి జానెడు దూరంలో నాటుకోండి.

ఇదే పేజీలో వేరేవాళ్లు తమ లాన్ ఫొటోలు పెట్టి మాదీ ఇదేనా అంటున్నారు. చాలావరకు కాదు. మచ్చ ఆకారం ముందు చూడండి. తిన్నని గీతలుగా, చారలుగా ఉంటే అది తెగులు కాదు, ఎరువు చేత్తో చల్లినప్పుడు ఎక్కువ పడ్డ చోటో, స్ప్రింక్లర్ అందని చోటో అయ్యుంటుంది. స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే ఎండిన చోట దిగదు, తెలిసిపోతుంది. చిన్న మచ్చ చుట్టూ ముదురాకుపచ్చ రింగు ఉంటే కుక్క మూత్రం, నీళ్లు బాగా పోస్తే చాలు. గడ్డి మొత్తం కొనలు తెల్లగా పీచులా చిరిగి ఉంటే కోత మెషిన్ బ్లేడు మొద్దుబారింది, పదును పెట్టించండి. గడ్డిని పట్టుకుని లాగితే చాపలా చుట్టుకుని లేచి వస్తే వేర్లు లేవన్నమాట, కింద మట్టి తవ్వండి, ఇంగ్లిష్ సి అక్షరంలా ముడుచుకున్న తెల్లటి వేరుపురుగులు దొరుకుతాయి. సరిగా మాగని పశువుల ఎరువు లాన్ మీద పరిచిన ఇళ్లలో నేను వీటిని ఎక్కువ చూస్తుంటాను. రాత్రికి రాత్రి గడ్డి కొరికేసినట్టుంటే గొంగళిపురుగులు, బకెట్ నీళ్లలో రెండు చెంచాల గిన్నెల సబ్బు కలిపి ఒక చదరపు మీటరు మీద పోస్తే కాసేపట్లో పైకి వస్తాయి.

చెప్పులకు, ప్యాంటు అంచులకు నారింజ రంగు పొడి అంటుకుంటే అది త్రుప్పు తెగులు. ఇది మీ కేసుకు పూర్తిగా వ్యతిరేకం, ఆకలితో ఉన్న, నీడలో ఉన్న గడ్డికి వస్తుంది, కొద్దిగా నత్రజని ఇచ్చి కోత కోస్తే చాలాసార్లు మందు లేకుండానే పోతుంది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద లేత రంగు చుక్కలు చాలా ఉండి, ఆకు మీద డమరుకం ఆకారంలో మచ్చ కనపడితే డాలర్ స్పాట్, దానికీ నత్రజని తక్కువ కావడమే ఎక్కువగా కారణం. వెడల్పాకు బఫెలో గ్రాస్ వేసుకున్నవాళ్లకు వానాకాలం వేడిలో బూడిద రంగు మధ్యభాగం, గోధుమ అంచుతో ఆకుమచ్చలు వస్తాయి, అది వరి అగ్గి తెగులు బంధువైన పైరిక్యులేరియా, యూరియా ఎక్కువైతే ఎగబడుతుంది. నీళ్లు నిలిచే పల్లంలో తెల్లవారుజామున దూది లాంటి తెల్లటి బూజు, గడ్డి జిడ్డుగా నల్లబడి నీళ్లు పారిన దారి వెంట చారలుగా పడిపోతే అదే పిథియం, ఇది రెండు మూడు రోజుల్లోనే పెద్ద స్థలాన్ని పడగొడుతుంది, మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు వెంటనే కొట్టి, పల్లం సరిచేయించుకోవాలి. వాన తర్వాత ఆకుల మీద బూడిద రంగు పొడి గుట్టలుగా కనపడితే భయపడకండి, అది స్లైమ్ మోల్డ్, గడ్డిని ఏమీ చేయదు, నీళ్ల ధారతో కడిగేయండి. వలయంగా పుట్టగొడుగులు లేస్తే కింద కుళ్లుతున్న చెక్క ఉందేమో తవ్వి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఈ ఊళ్లో ఎన్ని చెట్లు కూలాయో మనందరికీ తెలుసు, మొద్దులు తీయకుండా మట్టి కప్పిన స్థలాలు కూడా ఉంటాయి.

రుషికొండ, లాసన్స్ బే వైపు బోరు నీళ్లు వాడేవాళ్లు గడ్డి కొనలు ఎండుతున్నాయంటే మందుల షాపుకు వెళ్లేముందు నీటి ఉప్పదనం, అంటే ఈసీ (విద్యుత్ వాహకత, మందు పేరు పక్కన ఉండే ఈసీ కాదు), పరీక్ష చేయించండి. మీటరుకు 0.7 డెసీసీమెన్స్ (dS/m) లోపు ఉంటే నిశ్చింత, 3 దాటితే ఆ నీళ్లతో మామూలు లాన్ పెంచడం చాలా కష్టం. ఏ శిలీంధ్రనాశినీ ఉప్పును తగ్గించదు.

మళ్లీ మీ లాన్‌కి వస్తే, రెండేళ్ల జోయిసియా కాబట్టి ఒక మూల చాకుతో కోసి అడ్డంగా చూడండి. పచ్చగడ్డికీ మట్టికీ మధ్య గోధుమ రంగు పీచు పొర సెంటీమీటరున్నర దాటితే అది స్పాంజిలా తడి పట్టి ఉంచి తెగులును పోషిస్తుంది, మందును కిందికి దిగనివ్వదు. దాన్ని ఇప్పుడు కదపొద్దు, ఏప్రిల్ లేదా మేలో గట్టి పళ్లున్న రేక్‌తో గీరించి, గుల్లగా పొడిచి, పైన సన్నగా ఇసుక పరిపించండి. ఎర్రమట్టి దట్టంగా పోయించకండి, ఇక్కడ అందరూ చేసే పనే అయినా బంకమట్టి ఎక్కువుంటే పైన పెచ్చు కట్టి నీరు దిగదు. కోత ఎత్తు మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచండి, ఒకసారికి ఎత్తులో మూడో వంతు మించి కోయొద్దు. ట్రైకోడెర్మా (తెగుళ్ల శిలీంధ్రాలను అణిచే మేలు చేసే శిలీంధ్రం) గురించి ఎవరో అడిగారు, మంచిదే, కానీ మంటలు అంటుకున్నాక కాదు, ముందు జాగ్రత్తగా. బాగా మాగిన ఎరువులో కలిపి జూన్‌లో వేసుకోవచ్చు, శిలీంధ్రనాశిని కొట్టిన వారం పది రోజుల్లో వేస్తే దాన్ని కూడా మీరే చంపినట్టు. వచ్చే ఏడాది సెప్టెంబరు చివర్లో, మచ్చలు రాకముందే, ఇప్పుడు మచ్చలున్న చోట్ల మాత్రమే ఒక్క పిచికారీ చేయండి. ఆ చోట్లు మరిచిపోకుండా ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి.

అన్నీ చేశాక కూడా పుల్లలు దాటి పాకుతుంటే నమూనా చూపించాలి. మళ్లీ మందు కొట్టకముందు, అంచు నుంచి సగం పచ్చ, సగం ఎండు ఉండేలా, వేర్లూ మట్టితో సహా నాలుగంగుళాల ముక్క తీసి పాత పేపర్లో చుట్టండి, నీళ్లు చల్లకండి. అనకాపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, ముందు ఫోన్ చేసి అడిగి తీసుకెళ్లండి.

మొక్కల సంగతి త్వరగా. గులాబీ నల్లమచ్చకు ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే చాలు, వాచ్‌మన్ పైపు లాన్‌తో పాటు వాటినీ తడుపుతోంది కదా. మొక్క మొదలు దగ్గర మాత్రమే నీళ్లు పోయించి, రాలిన ఆకులు ఏరి తీసేసి, మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. మందారం లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉంటే తెగులు కాదు, ఇనుము అందడం లేదు, బోరు నీళ్ల వల్ల మట్టి క్షారంగా మారి ఉండొచ్చు. ఫెర్రస్ సల్ఫేట్ లీటరుకు 5 గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద సాయంకాలం ఎండ తగ్గగానే, చీకటి పడేలోపు ఆరేలా కొట్టండి. మామిడి మసికి మాత్రం శిలీంధ్రనాశిని దండగ. ఆకు అడుగున, లేత కొమ్మల మీద పిండినల్లి గానీ పొలుసు పురుగు గానీ తేనెమంచు పురుగు గానీ ఉండి తీపి జిగురు కారుస్తుంటుంది, మసి ఆ జిగురు మీద పెరుగుతుంది, చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే ఆ చీమల దారి వెంటే వెళ్లి చూడండి, పురుగు దొరుకుతుంది. వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొద్దిగా సబ్బునీళ్లతో కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టి, పురుగు పోయాక ఎండ ఉన్న రోజు పలుచటి గంజి పిచికారీ చేస్తే అది ఆరి పొరలుగా ఊడిపోతూ మసిని కూడా తీసుకుపోతుంది.